కొత్త టూరింగ్ బండి యాక్సిలరేటర్ మరీ సున్నితంగా ఉంటే

పెద్ద టూరింగ్ బండి (దూరప్రయాణాల మోటార్‌సైకిల్) కొత్తగా తీసుకున్నవాళ్ల నుంచి తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటే: "యాక్సిలరేటర్ ముట్టుకుంటే చాలు, బండి ఎగిరి పడుతోంది." హైవే ఎక్కి వంద దాటాక ఈ మాట ఎవరూ అనరు. ట్రాఫిక్‌లో పాకేటప్పుడు, యూ టర్న్ తిప్పేటప్పుడు, మలుపు మధ్యలో మళ్లీ రేజ్ ఇచ్చేటప్పుడు, గతుకుల రోడ్డు మీద మాత్రమే అంటారు. కాబట్టి వెతకాల్సింది గ్రిప్ మొత్తం తిరుగుడులో కాదు. పూర్తిగా మూసి ఉన్నచోటి నుంచి తెరుచుకునే మొదటి కొన్ని మిల్లీమీటర్లలో. ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్‌ని నియంత్రించే కంప్యూటర్ సెట్టింగులు మార్పించడం) చేయించాలన్న ఆలోచన అందరికీ ముందే వస్తుంది కానీ, నా లెక్కలో అది చిట్టచివరి పని. దానికి ముందు పైసా ఖర్చు లేనివి చాలా ఉన్నాయి.

జర్క్ ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం. పెద్ద ఇంజన్‌కి థ్రాటిల్ బాడీలు, అంటే గాలి లోపలికి వెళ్లే దారులు, వెడల్పుగా ఉంటాయి. తక్కువ ఆర్‌పీఎంలో మాత్రం అది పీల్చుకోగల గాలి కొంచెమే. అందుకే ఆ దారిని మూసి తెరిచే పలక, బటర్‌ఫ్లై వాల్వ్, కాస్త తెరుచుకోగానే కావాల్సిన గాలిలో చాలా భాగం అందిపోతుంది. 2,500 ఆర్‌పీఎం దగ్గర సగం తెరిచినా పూర్తిగా తెరిచినా టార్క్‌లో (తిప్పే బలంలో) పెద్ద తేడా కనిపించదు. ఉన్న తేడా అంతా మొదట్లోనే అయిపోతుంది. పైగా మొదటి గేర్‌లో వెనక చక్రానికి చేరే టార్క్ టాప్ గేర్‌లో కంటే సుమారు రెండున్నర, మూడు రెట్లు ఎక్కువ.

దీనికి ఫ్యూయల్ కట్ తోడవుతుంది. బండి వేగంలో ఉండగా గ్రిప్ పూర్తిగా వదిలేస్తే ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి. మళ్లీ తిప్పిన క్షణంలో పెట్రోల్ ఒక్కసారిగా అందుతుంది. అప్పటిదాకా బండిని వెనక్కి పట్టి ఉంచిన ఇంజన్ ఇప్పుడు ముందుకు లాగడం మొదలుపెడుతుంది. ఆ మధ్యలో గేర్ల పళ్లలో, చైన్‌లో, వెనక హబ్ రబ్బర్లలో ఉన్న వదులంతా ఒక వైపు నుంచి రెండో వైపుకి వెళ్లి టక్కున తగులుతుంది. ఉద్గార నియమాల కోసం తక్కువ లోడ్‌లో గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని పల్చగా ఉంచడం వల్ల ఆ మార్పు ఇంకా గరుకుగా అనిపిస్తుంది.

ఇప్పుడు మీ బండిలో వీటిలో ఏది ఎక్కువో తేల్చుకోవాలి. ఇంజన్ బాగా వేడెక్కాక బండిని న్యూట్రల్‌లో నిలబెట్టి గ్రిప్‌ని చాలా నెమ్మదిగా తిప్పండి. ఆర్‌పీఎం ఐడిల్ నుంచి సాఫీగా పెరగాలి. కొంతసేపు ఏమీ కాకుండా ఉండి ఉన్నట్టుండి దూకితే కేబుల్‌లో వదులో, గ్రిప్ లోపలి గొట్టం పట్టేయడమో కారణం. న్యూట్రల్‌లో సాఫీగా ఉండి, మూడో గేర్‌లో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ గ్రిప్ మూసి తెరిచినప్పుడు కింద నుంచి టక్ మని వినిపిస్తే అది చైన్ వైపు వ్యవహారం. నున్నటి రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేకుండా గతుకుల మీద మాత్రమే బండి ముందుకీ వెనక్కీ ఊగితే, ఆ యాక్సిలరేటర్‌ని ఊపుతున్నది మీ చెయ్యే.

కేబుల్ ఉన్న బండి అయితే ఫ్రీ ప్లే, అంటే కేబుల్ బిగుసుకునే ముందు గ్రిప్ ఖాళీగా తిరిగే దూరం, కొలవండి. గ్రిప్ లోపలి అంచు మీద, పక్కనే స్విచ్ హౌసింగ్ మీద ఎదురెదురుగా టేపు ముక్కలు అంటించి గీత గీయండి. కేబుల్ బిగుసుకునే దాకా గ్రిప్‌ని వేలితో తిప్పి, రెండు గీతల మధ్య దూరం చూడండి. చాలా బండ్లకి ఇది 2 నుంచి 4 మిల్లీమీటర్లు, కొన్నింటికి 5, 6 దాకా ఉండొచ్చు. ఓనర్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెనే ప్రమాణంగా తీసుకోండి. అంతకంటే ఎక్కువ ఉంటే, ఆ ఖాళీ దాటే తొందరలో చెయ్యి కావాల్సినదానికంటే ఎక్కువ తిప్పేస్తుంది. జర్క్‌కి ఇంతకంటే సులువైన కారణం లేదు, ఇంతకంటే సులువైన మరమ్మతూ లేదు. గ్రిప్ దగ్గర కేబుల్ మీద రబ్బరు తొడుగు ఉంటే వెనక్కి లాగి, లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్‌ని అర చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. సరిపోయాక అడ్జస్టర్ కదలకుండా పట్టుకుని లాక్ నట్ బిగించండి. చాలా బండ్లకి రెండు కేబుళ్లు ఉంటాయి, ఒకటి తెరవడానికి, ఇంకొకటి మూయడానికి. రెంటిలో దేన్ని ముందు సర్దాలో మాన్యువల్ చెప్పిన వరుసలోనే చేయాలి.

తర్వాత చేయాల్సిన పరీక్ష మానేయకండి. ఇంజన్ ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్‌ని ఎడమ చివర నుంచి కుడి చివర దాకా తిప్పండి. ఆర్‌పీఎం ఏమాత్రం పెరిగినా ప్లే మరీ తగ్గించేశారని అర్థం. అలాగే వదిలేస్తే యూ టర్న్ మధ్యలో బండి దానంతటదే వేగం అందుకుంటుంది. గ్రిప్‌ని పూర్తిగా తిప్పి వదిలితే హ్యాండిల్ ఏ కోణంలో ఉన్నా టప్పున వెనక్కి వచ్చేయాలి. ఈ భాగం ఇంజన్ ఆపి చూడండి. కొత్త గ్రిప్‌లు గానీ హ్యాండ్ గార్డులు గానీ వేసినవాళ్లు దీన్ని రెండుసార్లు చూడాలి. గ్రిప్ చివర బార్ ఎండ్ బరువుకి (హ్యాండిల్ కొసన ఉండే ఇనుప ముక్కకి) రాసుకుని తిరగడం బిగుసుకుపోవడం తరచుగా జరిగేదే. మధ్యలో 1, 2 మిల్లీమీటర్ల సందు ఉండాలి. గొట్టం లోపల పాత గ్రీజు, దుమ్ము కలిసి జిగురైతే హ్యాండిల్‌బార్‌ని శుభ్రంగా తుడవండి. చాలా బండ్లకి పొడిగా ఉంటేనే బాగా తిరుగుతుంది.

గ్రిప్ తిరుగుడుని సెన్సర్ చదివి ఈసీయూకి చెప్పే రైడ్ బై వైర్ బండ్లలో సర్దడానికి కేబుల్ ఉండదు, లేదా గ్రిప్ నుంచి సెన్సర్ దాకా చిన్న కేబుల్ మాత్రమే ఉంటుంది. సెన్సర్ హౌసింగ్ విప్పొద్దు. లోపల ఒకదాన్నొకటి సరిచూసుకునే రెండు సిగ్నళ్లు ఉంటాయి, తేడా వస్తే ఈసీయూ బండిని పరిమిత శక్తికి దించేస్తుంది. బ్యాటరీ తీసి పెట్టాక స్పందన మారినట్టుంటే, గ్రిప్ మూసిన, తెరిచిన చివరలను ఈసీయూకి మళ్లీ నేర్పే పద్ధతి కొన్ని మోడళ్లకి ఉంటుంది. అది మోడల్‌ని బట్టి వేరు, కాబట్టి వేరే బండికి చెప్పింది మీ బండి మీద ప్రయోగించకండి.

చైన్ విషయానికి వస్తే, కొత్త చైన్ మొదటి వెయ్యి కిలోమీటర్లలో కొంత సాగుతుంది. షోరూమ్ నుంచి వచ్చినప్పుడు సరిగ్గానే ఉన్నది మొదటి సర్వీస్ నాటికి వదులవుతుంది. కింది వరుస మధ్యలో చైన్‌ని పైకీ కిందికీ కదిపి కొలవండి. రోడ్డు బండ్లకి 25 నుంచి 35 మిల్లీమీటర్లు మామూలు. సస్పెన్షన్ ప్రయాణం ఎక్కువున్న అడ్వెంచర్ టూరర్లకి అంతకంటే ఎక్కువ ఉంటుంది. సైడ్ స్టాండ్ మీద కొలవాలా, సెంటర్ స్టాండ్ మీదా అన్నది కూడా మాన్యువల్‌లో రాసి ఉంటుంది, ఆ రెంటికీ అంకె మారుతుంది. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలిచి, అన్నింటికంటే బిగుతుగా ఉన్నచోట లెక్క కుదిరేలా చూడండి. జర్క్ పోవాలని మరీ బిగిస్తే సామాను, పిలియన్ (వెనక కూర్చునేవాళ్లు) ఎక్కి వెనక సస్పెన్షన్ కిందికి దిగినప్పుడు చైన్ బిగుసుకుని గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ దెబ్బ తింటుంది. బిగుతు వైపు తప్పు కంటే వదులు వైపు తప్పే చవక. యాక్సిల్ నట్‌ని టార్క్ రెంచ్‌తోనే బిగించండి.

హబ్ రబ్బర్లు చూడడానికి బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, ఒక చేత్తో చక్రం పట్టుకుని రెండో చేత్తో వెనక స్ప్రాకెట్‌ని ముందుకీ వెనక్కీ కదపండి. రబ్బరు నొక్కుకున్నట్టు మెత్తగా ఆగాలి. టకటకమని ఖాళీగా కదిలితే రబ్బర్లు అరిగినట్టు. కొత్త బండిలో ఇది అరుదు, సెకండ్ హ్యాండ్‌లో సర్వసాధారణం. చైన్‌కి బదులు తిరిగే కడ్డీ ఉన్న షాఫ్ట్ డ్రైవ్ బండ్లలో కొంత వదులు పుట్టుకతోనే ఉంటుంది, సర్దేదేమీ లేదు.

చాలామంది అసలు చూడని చోటు చెయ్యి, లివర్. గ్రిప్‌ని సుత్తి పట్టుకున్నట్టు అరచెయ్యంతా అడ్డంగా పట్టుకుంటే, తిప్పాలంటే మణికట్టు మొత్తం వంగాలి. చిన్న కదలికలు అలా రావు. చెయ్యిని కాస్త బయటికి జరిపి గ్రిప్ అరచేతిలో ఏటవాలుగా పడేలా పట్టుకోండి. ఉంగరం వేలు, చిటికెన వేలు గ్రిప్‌ని పట్టుకుంటే బొటనవేలి వైపు ఖాళీగా ఉంటుంది. చూపుడు వేలి పక్క భాగాన్నో, బొటనవేలినో స్విచ్ హౌసింగ్‌కి ఆనించండి. కదలని దానికి ఒక వేలు ఆని ఉంటే, గతుకు వచ్చినప్పుడు చెయ్యి ఊగినా గ్రిప్ ఊగదు. నెమ్మదిగా వెళ్లేటప్పుడు దీనంత మేలు చేసేది ఇంకొకటి లేదు. మందపాటి గ్లవ్స్‌తో ఈ స్పర్శ తెలియదు, కాబట్టి మొదట్లో అరచెయ్యి పల్చగా ఉన్న గ్లవ్స్ వాడండి.

బ్రేక్ లివర్ దూరం కూడా ఇందులో భాగమే. లివర్ దూరంగా ఉంటే దాన్ని అందుకోవడానికి వేళ్లు చాచినప్పుడు అరచెయ్యి గ్రిప్ మీద దొర్లుతుంది, గ్రిప్ కొంచెం తెరుచుకుంటుంది. బ్రేక్ వేయబోతుంటే బండి ముందుకు తోస్తుంది. లివర్ మీది అడ్జస్టర్ చక్రాన్ని ఒక్కో మెట్టు దగ్గరికి తెచ్చుకుంటూ, రెండు వేళ్లు వేసినా గ్రిప్ కదలని చోట ఆపండి. గట్టిగా నొక్కినప్పుడు లివర్ మిగతా వేళ్లకి తగలకూడదు, అది కూడా సరిచూడండి. లివర్ కోణం ముంజేతికి సూటిగా ఉండాలి. మణికట్టు పైకి లేచి ఉంటే లివర్ మరీ పైకి ఉందని.

శరీర బరువు హ్యాండిల్ మీద పడినా ఇదే గోల. ట్యాంక్‌ని మోకాళ్లతో పట్టుకుని మోచేతులు వదులుగా ఉంచితే చేతుల మీద బరువు తగ్గుతుంది. సామాను ఎక్కించాక వెనక ప్రీలోడ్ (సస్పెన్షన్ స్ప్రింగ్ బిగుతు) పెంచడం మరిచిపోతే బండి వెనక్కి కూర్చుని, గతుకు మీద ఎక్కువ ఊగుతుంది, చేతిని కూడా ఊపుతుంది.

ఇక నడపడం. చిన్న మలుపులకి మొదటి గేర్ కాకుండా రెండో గేర్ వాడండి, ఇంజన్ కొట్టుకోనంత ఆర్‌పీఎం ఉంచుకుని. అసలు కిటుకు గ్రిప్‌ని పూర్తిగా మూయకపోవడంలో ఉంది. కొద్దిగా తెరిచి ఉంచి, వేగాన్ని వెనక బ్రేక్‌తో అదుపు చేస్తే ఫ్యూయల్ కట్ రాదు, చైన్ ఒకే వైపు బిగిసి ఉంటుంది, జర్క్‌కి చోటే ఉండదు. ఇంకా నెమ్మదిగా వెళ్లాలంటే క్లచ్‌ని పట్టుకునే చోటు దగ్గరే సగం వదిలి ఆడించండి. ఆయిల్‌లో తడిసే క్లచ్ దీన్ని కాసేపు తట్టుకుంటుంది. డ్రై క్లచ్ ఉన్న పాత బీఎండబ్ల్యూ బాక్సర్లలో, మోటో గుజ్జిల్లో ఎక్కువసేపు ఇలా చేస్తే క్లచ్ కాలుతుంది. ఖాళీ స్థలంలో రెండో గేర్‌లో ఎనిమిది అంకె తిప్పుతూ, గ్రిప్ కదపకుండా వెనక బ్రేక్‌తోనే వేగం మార్చడం సాధన చేయండి. మలుపు మధ్యలో గ్రిప్ మూసే అలవాటు దీనితో పోతుంది.

రైడింగ్ మోడ్‌ల విషయంలో రెయిన్ మోడ్‌ని వానకే అనుకోవద్దు. మొదటి తిరుగుడులో స్పందన మెత్తబడుతుంది కాబట్టి ఊళ్లో నడపడానికి బాగుంటుంది. కానీ కొన్ని బండ్లలో అది గరిష్ఠ శక్తిని, ట్రాక్షన్ కంట్రోల్‌ని (వెనక చక్రం జారకుండా చూసేదాన్ని) కూడా మారుస్తుంది. ఓవర్‌టేక్ చేసే ముందు ఆ సంగతి తెలిసి ఉండాలి. యూజర్ మోడ్‌లో థ్రాటిల్‌ని విడిగా మార్చుకునే వీలుంటే దాన్నొక్కటే మెత్తగా పెట్టి మిగతావి అలాగే ఉంచండి.

ఇవన్నీ చేశాక కూడా మిగిలితే అప్పుడు విడిభాగాల సంగతి. కేబుల్ బండ్లకి కొన్ని మోడళ్లలో వేరే ఆకారం కప్పీ ఉన్న థ్రాటిల్ గొట్టం దొరుకుతుంది. మొదట నెమ్మదిగా, పోనుపోను త్వరగా లాగేలా దాని ఆకారం ఉంటుంది. గొట్టం మార్చాక ఫ్రీ ప్లే మళ్లీ సర్దాలి, పూర్తిగా తిప్పినప్పుడు వాల్వ్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడాలి. రీమ్యాప్‌కి వెళ్లే ముందు కంపెనీ ఏదైనా కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చిందేమో సర్వీస్‌లో అడగండి. కొన్నిసార్లు దాంతోనే పని జరుగుతుంది, వారంటీకి ఇబ్బంది రాదు. బయట రీమ్యాప్ చేయిస్తే ఫ్యూయల్ కట్‌నీ తక్కువ ఆర్‌పీఎం మిశ్రమాన్నీ మార్చగలరు. జర్క్ నిజంగానే తగ్గుతుంది. వారంటీ, ఉద్గార పరీక్ష రెండూ మాత్రం మీ బాధ్యతే.

మణికట్టు నొప్పికని గ్రిప్‌కి తగిలించే ప్లాస్టిక్ రెక్కని ఇలాంటి బండికి పెట్టకండి. అరచెయ్యి బరువు పడితే చాలు అది గ్రిప్‌ని తెరుస్తుంది. బ్రేక్ అందుకునేటప్పుడు, ఆగి ఉన్నప్పుడు పొరపాటున తగిలినా బండి దూకుతుంది. దూరప్రయాణంలో చెయ్యికి విశ్రాంతి కావాలంటే క్రూయిజ్ కంట్రోల్ వాడండి. లేదంటే గ్రిప్ మీద తొడుగు వేసి కాస్త లావు చేయండి, వేళ్ల బిగింపు తగ్గుతుంది. తొడుగు జారకుండా గట్టిగా అంటుకుని ఉండాలి, బార్ ఎండ్ దగ్గర సందు మళ్లీ చూడాలి.