నొప్పి చిట్టా

ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో పదిహేడేళ్లుగా గుమస్తాను. మిర్చి సీజన్లో పొద్దున ఆరింటికి చిట్టా ముందేసుకుని కూర్చుంటే చీకటి పడేదాకా లేచేది రెండు మూడు సార్లే. మూత్రం కూడా ఆపుకునే రోజులుంటాయి, ఇక దొడ్డికి సంగతి చెప్పేదేముంది. మొలలు ఎందుకొచ్చాయని ఎవరైనా అడిగితే జవాబు తయారుగా పెట్టుకున్నా: మిర్చి ఘాటు. డాక్టర్ దాన్ని ఒక్క ఊపున కొట్టేశాడు. "కారం తింటే మంట పుడుతది, మొలలు పుట్టవు. మలబద్ధకం, ముక్కుడు, గంటలకొద్ది కూసునుడు, నీళ్లు తాగకపోవుడు. నీకు నాలుగూ ఉన్నయి."

ఆరేళ్లు దాచాను. మందుల షాపులో గొంతు తగ్గించి "ఆ ట్యూబు" అని అడిగేవాణ్ని. బయటికొచ్చిన మొలను వేలితో లోపలికి నెట్టుకోవడం కూడా అలవాటైపోయింది. దాన్ని మూడో దశ అంటారని తర్వాత తెలిసింది. మేడారం నుంచి వస్తుంటే బస్సు సీటు మీద రక్తం మరక నా భార్య కంట్లో పడింది. ఆమె దాని మీద నా కండువా పరిచి, ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. తెల్లారి హన్మకొండ తీసుకుపోయింది.

మొలల ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వెన్నులో మత్తు సూది వేశారు, ముప్పావుగంటలో అయిపోయింది. ఆ రాత్రి మూత్రం రాక పొట్ట ఉబ్బిపోతే గొట్టం వేసి తీశారు. ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి ఇలా అవుతుందట. ముందే చెప్పి ఉంటే సగం టెన్షన్ తప్పేది.

అసలు కథ మూడో రోజు ఇంట్లో, మొదటి మోషన్‌తో మొదలైంది. పచ్చి పుండు మీద మిర్చి పొడి చల్లినట్టు అంటుంటారు కదా. మిర్చి పొడి సంగతి నాకు బాగా తెలుసు, దానికి ఇంత పగ లేదు. గోడకున్న కుళాయి పట్టుకుని కూర్చున్నా. బయటికొచ్చి చూసుకుంటే అరచేతిలో కుళాయి పిడి అచ్చు పడి ఉంది, మధ్యాహ్నం దాకా పోలేదు.

డాక్టర్‌కు ఫోన్ చేస్తే విడమర్చి చెప్పాడు. మలద్వారం లోపల ఒక గీత లాంటిది ఉంటుందట. దానికి పైన కోసినా పెద్దగా తెలియదు, కింది చర్మం మాత్రం వేలికొసంత సున్నితం. నా పుండు ఆ కింది భాగంలోకి కూడా వచ్చింది, పైగా కుట్లు వేయకుండా వదిలేశారు, దానంతట అది ఐదారు వారాల్లో మానాలి. నొప్పికి అక్కడి కండరం ముడి బిగుసుకుంటుంది. బిగుసుకుంటే నొప్పి ఇంకా పెరుగుతుంది. భయపడి ఆపుకుంటే మలం గట్టిపడుతుంది. "భయపడి తిండి మానకు, గోరువెచ్చని నీళ్ల టబ్బు మానకు" అన్నాడు.

ఊరుకోబుద్ధి కాక పాత చిట్టా పుస్తకం వెనక పేజీ తిప్పి గీతలు కొట్టాను. రోజు, పొద్దున నొప్పి పదికి ఎంత, రాత్రి ఎంత, నొప్పి మాత్రలు ఎన్ని, టబ్బులో కూర్చున్నది ఎన్నిసార్లు. మూడో రోజు వరస ఇలా ఉంది: 9, 8, 4, 2.

సూదుల మాట తెచ్చింది కాజీపేటలో ఉండే మా బావమరిది. మోకాలి నొప్పికి తను ఆక్యుపంక్చర్ చేయించుకున్నాడు. "చైనాల మత్తు లేకుండ సూదులతోనే ఆపరేషన్ చేస్తరు బావా. అమెరికా పేపరాయన ఒకాయన అపెండిక్స్ గట్లనే తీయించుకున్నడట." మూలుగుతూ పడుకున్నవాడికి వాదించే ఓపిక ఎక్కడిది? ఐదో రోజు ఆటోలో ఓ పక్కకు ఒరిగి కూర్చుని పోయాను.

అక్కడ సూదులు పెట్టేది ప్రకృతి వైద్యం డిగ్రీ చదివిన డాక్టరమ్మ. సూది చేతిలోకి తీసుకోకముందే నా సర్జన్‌కు ఫోన్ చేసి అడిగింది. షుగర్ ఉందా, రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా అని నన్ను అడిగింది. పేపరాయన కథ చెబితే నవ్వింది. ఆయన న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్. 1971లో బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ మామూలు మత్తుతోనే జరిగింది. ఆ తర్వాత రెండో రాత్రి పొట్ట ఉబ్బి ఇబ్బంది పడుతుంటే మోచేతికి, మోకాళ్ల కింద సూదులు పెట్టారు. ఆయన అదంతా పేపర్లో రాశాకే అమెరికాలో ఈ వైద్యం గురించి జోరుగా మాట్లాడుకున్నారట. "అంటే మీలాగే అన్నా, ఆపరేషన్ అయ్యాక" అంది. బావమరిది గోడ మీది క్యాలెండర్ చూడటం మొదలుపెట్టాడు.

మొలలకు పాతకాలం నుంచి వాడే చోటు ఒకటి తోక ఎముక కింద ఉంటుందట. పుండు పక్కనే కాబట్టి దాని జోలికి పోనంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "మునివేళ్ల మీద నిలబడండి" అని, నా పిక్క మీద వేలు పెట్టి కిందికి జార్చింది. పిక్క కండ రెండుగా చీలే చోట చిన్న గుంట దొరికింది. దాని పేరు చెంగ్‌షాన్. ముంజేతి మీద ఇంకో జంట ఉంది, ఎర్‌బాయ్ అంటారు, అదీ మొలల కోసమే. నడినెత్తిన ఒకటి. పిర్రలకు ముంజేతికి ఏం సంబంధమని అడిగితే, చైనా లెక్క ఒకటుంది, నరాల లెక్క ఒకటుంది, రెండూ పూర్తిగా కలవవు అని ఉన్నమాట చెప్పింది. ఆ జవాబుతోనే నమ్మకం కుదిరింది.

బోర్లా పడుకున్నా. ఇంజెక్షన్ సూదిని తలచుకుని పళ్లు బిగబట్టాను గానీ ఇది వెంట్రుకలా ఉంది, లోపల మందేమీ ఉండదు, ఒకసారి వాడి పారేస్తారు. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు, తర్వాత పిక్కంతా బరువుగా, జివ్వుమని లాగినట్టు. సూదులకు సన్నని వైర్లు తగిలించి కరెంటు పెట్టగానే పిక్క కండ చేపపిల్లలా టక్ టక్ ఎగరసాగింది. అరగంటలో ఏదో ఒక క్షణాన, మూడు రోజులుగా నాకు తెలియకుండానే బిగబట్టుకున్న ముడి వదులైంది. వదులయ్యాకే అది బిగిసి ఉందని తెలిసింది.

ఇంటికొచ్చి 5 అని రాశాను. రాత్రి పదకొండుకు మళ్లీ 7. నాలుగొందలు దండగ అనుకున్నా. అయినా ఏడో రోజు మళ్లీ పోతే ఆ రాత్రి పదింటి నుంచి మూడింటిదాకా నిద్ర పట్టింది. తొమ్మిదో రోజు మోషన్‌లో కొద్దిగా రక్తం కనబడితే డాక్టరమ్మ సూది ముట్టలేదు, ముందు సర్జన్‌కు చూపించుకుని రమ్మంది. ఆయన చూసి ఫర్వాలేదన్నాకే మూడోసారి పెట్టింది. మొత్తం ఐదుసార్లు. పదమూడో రోజుకు మాత్రలు నాలుగు నుంచి ఒకటికి దిగాయి.

ఇదంతా సూదుల ఖాతాలో వేయొచ్చా? వేయలేను. అవే రోజుల్లో టబ్బు రెండు నుంచి నాలుగుసార్లయింది. రాత్రిళ్లు ఈసబ్‌గోల్, గ్లాసు నిండా నీళ్లు. జొన్న రొట్టె, తోటకూర పప్పు, బొప్పాయి తప్ప మా ఇంట్లో ఇంకోటి కనబడలేదు. పుండూ దాని పాటికది మానుతోంది. మూడు ఊళ్ల మిర్చి ఒకే రాశిలో పోశాక ఏ కాయ ఎవరిదో ఎవడు చెప్తాడు? అధ్యయనాలు ఉన్నాయట గానీ చాలావరకు కొద్దిమంది మీద చేసినవేనని డాక్టరమ్మే అంది. పైగా నిజంగా పనిచేసిందో లేదో పోల్చి చూడాలంటే, మందు లేని మాత్ర ఇచ్చి మనిషిని ఏమార్చినంత తేలిక కాదు ఉత్తుత్తి సూది గుచ్చడం. నాకు తెలిసిందల్లా ఆ బల్ల మీద ముడి వదిలిన సంగతి. రేపు పొద్దున లెట్రిన్‌కు పోవాలంటే వణుకు తగ్గింది. వణుకు తగ్గితే ఆపుకోలేదు, ఆపుకోకపోతే గట్టిపడలేదు.

ముప్పై ఒకటో రోజు పనికి పోయాను. సేటు మెత్త దిండొకటి తెప్పించి పెట్టాడు. దాన్ని చూసి హమాలీలు ఒకటే నవ్వు. ఎక్కువగా కాంటా దగ్గర నిలబడే రాస్తున్నా. ముప్పై నాలుగో రోజు వరస: 1, 0, 0, 1. ఆ పేజీలో కింద సగం ఖాళీ ఉంది. వర్ధన్నపేట రైతు 42 బస్తాలు దించితే చేతికి వేరే కాగితం అందక, ఆ లెక్క అక్కడే రాసేశాను.