డుమ్మా కాదు, రెస్ట్ డే
ఇవాళ పరుగుకి వెళ్ళలేదు. కేబీఆర్ పార్క్ బ్యాచ్ వాట్సాప్‌లో "ఏంటన్నా, డుమ్మానా?" అని పొద్దుట్నుంచీ ఒకటే గోల. డుమ్మా కాదు తమ్ముడూ, ఇదీ ప్లాన్‌లో ఉన్నదే.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ అనగానే అందరికీ కిలోమీటర్ల పిచ్చి పట్టుకుంటుంది. నిజానికి పరిగెత్తేటప్పుడు కండరం బలపడదు, లోపల సన్నగా చిట్లుతుంది. అది అతుక్కుని గట్టిపడేది మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా నిద్రలో. నొప్పి కూడా వెంటనే తెలియదు. మొన్న ఫ్లైఓవర్ ఎక్కి దిగిన రోజు హుషారుగానే ఉన్నా. మర్నాడు మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో కాలే వేస్తూ దిగాను. పక్కింటి పిన్నిగారు జాలిగా చూశారు కూడా!

నేను నమ్మేది నాడిని. లేవగానే మంచం మీదే చూసుకుంటా. మామూలుగా 58 ఉండేది 66 దాకా వెళ్ళిందంటే ఆ పూట బూట్ల జోలికి పోను. చేతి వాచీ "కదులు, కదులు" అని మోగుతూనే ఉంటుంది, దాని గోల దానిది.

సాయంత్రం అమ్మతో రైతుబజారు దాకా నడక, రాత్రికి పెరుగన్నం, పదింటికల్లా పడక. ఆదివారం లాంగ్ రన్‌కి ఎవరెవరు వస్తున్నారో చెప్పండి.