పందుల షెడ్డుకు సబ్సిడీ: అనంతపురంలో నా అనుభవం

జాతీయ పశుసంపద మిషన్ కింద పందుల పెంపకానికి పెట్టుబడిలో సగం సబ్సిడీ ఇస్తారు. 50 ఆడపందులు, 5 మగపందుల యూనిట్‌కు గరిష్ఠంగా 15 లక్షలు, 100 ఆడపందులు, 10 మగపందులకు 30 లక్షలు. ఇది గరిష్ఠమే గానీ అందరికీ ఇచ్చే మొత్తం కాదు. ప్రాజెక్టు ఖర్చు 24 లక్షలని తేలితే వచ్చేది 12 లక్షలే. భూమి కొన్నా, కౌలు కట్టినా, సొంతానికి బండి కొన్నా, రోజువారీ మేతకు పెట్టినా ఈ లెక్కలోకి రావు. అన్నిటికన్నా దెబ్బకొట్టేది మేత ఖర్చే.

దరఖాస్తు ఉద్యమిమిత్ర పోర్టల్‌లో పెట్టాలి. ఆధార్, పాన్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, శిక్షణ సర్టిఫికెట్, పాస్‌బుక్, 1-బి (భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డు), స్థలం ఫోటోలు, డీపీఆర్ (ప్రాజెక్టు ఖర్చు, రాబడి లెక్కల నివేదిక) జతచేయాలి. మన జిల్లాలో ఎక్కువ ఫైళ్లు ఆగేది 1-బి దగ్గర. భూమి ఇంకా నాయన పేరు మీదే ఉంటుంది, దరఖాస్తు కొడుకు పేరు మీద పోతుంది. అట్లయితే ముందు మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు చేయించుకోవాలి, లేదంటే నాయనతోనే రిజిస్టర్డ్ కౌలు రాయించుకోవాలి. తెల్లకాగితం మీద రాసుకున్న కౌలును బ్యాంకు చూడను కూడా చూడదు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌బుక్‌లో పూర్తిగా ఉన్నా వెనక్కి పంపుతారు.

పోర్టల్‌లో పెట్టిన ఫైలును రాష్ట్రంలో అమలు చేసే సంస్థ పరిశీలించి బ్యాంకుకు పంపుతుంది. బ్యాంకు అప్పు మంజూరు చేశాక రాష్ట్రస్థాయి కమిటీకి, అక్కడి నుంచి కేంద్ర పశుసంవర్ధక శాఖకు పోతుంది. సబ్సిడీ రెండు సమాన వాయిదాల్లో సిడ్బీ (చిన్న పరిశ్రమల బ్యాంకు) ద్వారా వస్తుంది. బ్యాంకు తన అప్పులో మొదటి విడత వదిలాక ఒకటి, యూనిట్ పూర్తయిందని తనిఖీ చేశాక రెండోది. కాబట్టి మంజూరు కాకముందే గోడలు లేపి, వాటికీ డబ్బు వస్తుందని ఆశపడొద్దు.

అసలు పరీక్ష బ్యాంకులోనే. "పందులా? ఎవరు కొంటారబ్బా?" అన్నది మొదటి ప్రశ్న. నా దగ్గరున్న డీపీఆర్ ఎవరో ఈశాన్య రాష్ట్రాలకు రాసినదాన్ని పేరు మార్చి ఇచ్చినది. మేత ధరలు అక్కడివి, ఈతకు పన్నెండు పిల్లలు, మొదటి ఏడాదే లాభం! దాన్ని పక్కన పడేసి మళ్లీ రాయాల్సి వచ్చింది.

లెక్క ఇట్లా వేసుకోవాలి. మూడు నెలల పడ్డలను (ఇంకా ఈనని ఆడపందులను) తెస్తే ఎనిమిదో నెలకు గానీ మగపందితో దాటించలేం. అంటే ఐదు నెలలు ఉత్త మేపే. చూలు 114 రోజులు. పిల్లలు పుట్టాక అమ్మకపు బరువుకు రావడానికి ఇంకో ఏడెనిమిది నెలలు. మొత్తం మీద పందులు షెడ్డులో దిగిన పదహారు, పదిహేడు నెలలకు గానీ మాంసానికి మొదటి బ్యాచ్ పోదు. తల్లిపందికి రోజుకు రెండున్నర కిలోల దాణా అనుకుంటే యాభై పందులకు 125 కిలోలు, నెలకు మూడున్నర టన్నుల పైమాట. ఇదంతా సబ్సిడీ బయటి ఖర్చే. అందుకే అప్పు తిరిగి కట్టే వాయిదాలు మొదలయ్యేలోపు ఇచ్చే గడువు ఏడాదిన్నరకు తగ్గకుండా అడగాలి. దాణాకు వర్కింగ్ క్యాపిటల్ అప్పు వేరేగా రాయించుకోవాలి. ఈ పట్టిక ముందు పెట్టాకే మేనేజరు పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.

పిల్లల సంఖ్య కూడా తగ్గించి రాయడమే మేలు. ఈతకు ఎనిమిది బతికి పాలు మరుస్తాయని, ఏడాదికి రెండు ఈతలని వేసుకుంటే యాభై తల్లులకు 800 పిల్లలు. అదీ ఈత గదులు సరిగా కడితేనే. గదికి ఏడు నుంచి తొమ్మిది చదరపు మీటర్లు, గోడకు తొమ్మిది అంగుళాల దూరంలో, నేలకు తొమ్మిది అంగుళాల ఎత్తులో ఇనుప పైపు. తల్లి పడుకునేటప్పుడు గోడకూ ఒంటికీ మధ్య పిల్ల నలిగి చావకుండా ఆ సందే కాపాడుతుంది. మేస్త్రీ దాన్ని అలంకారం అనుకుని పైకి జరుపుతాడు, దగ్గరుండి కొలిపించాలి. పిల్లలకు పుట్టిన మూడో, నాలుగో రోజున ఇనుము ఇంజెక్షన్ తప్పదు.

పందికి చెమట పట్టదు. మన ఎండలకు షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి, పైన నీళ్లు చిమ్మే పైపులు కావాలి. మేలో ఎండదెబ్బ తిన్న మగపందితో దాటించినా నెలన్నర దాకా చూలు నిలవకపోవచ్చు. జాతికి లార్జ్ వైట్ యార్క్‌షైర్‌నే అందరూ అడుగుతారు గానీ, నాటుపంది రక్తం పావువంతు కలిసిన తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం రకం ఎస్‌వీవీయూ టీ-17 మన ఎండలకు నయమని నా లెక్క. చెనక్కాయ చెక్క మనకు దండిగా దొరికినా బూజు వాసన కొడితే తవుడులో కలిపి దాచేయొద్దు. ఆ బూజు విషం అఫ్లాటాక్సిన్‌తో పిల్లలు ఎదగవు.

బెంగళూరులో సాసేజ్, బేకన్ చేసేవాళ్లకు అమ్ముతామని డీపీఆర్‌లో రాస్తే బ్యాంకు వేసిన రెండో ప్రశ్న: బయటి దేశాల మాంసం వస్తోంది కదా? దీనికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. అమెరికా పంది మాంసానికి 2022 జనవరిలో దారి తెరిచారు. అయినా దాని మీద 30 శాతం దిగుమతి సుంకం ఉంది. పైగా కేంద్ర పశుసంవర్ధక శాఖ నుంచి శానిటరీ దిగుమతి అనుమతి లేనిదే రేవులో దించడానికి వీల్లేదు. వచ్చేది గడ్డకట్టించిన మాంసం, పోయేది పెద్ద హోటళ్లకు. ఆదివారం అంగడిలో కళ్లముందు కోసిన మాంసమే అడిగేవాళ్లు దాన్ని ముట్టరు. బెంగళూరు వాటాను డీపీఆర్‌లో పావువంతుకు దించి, మిగతాది జిల్లా అమ్మకంగా చూపించాక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

దిగుమతి కన్నా నాకు భయం పందులను చంపే వైరస్ రోగం ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో బయటపడింది. గడ్డకట్టిన మాంసంలో ఆ వైరస్ నెలల తరబడి బతుకుతుంది. హోటల్ ఎంగిలి తెచ్చి పోస్తే మేత ఖర్చు మిగిలినట్టే ఉంటుంది, దాంట్లో ఒక్క పచ్చిమాంసం ముక్క చాలు. రోగం తేలితే కిలోమీటరు చుట్టూ పందులన్నిటినీ చంపేస్తారు. పరిహారం బరువును బట్టి: 15 కిలోల లోపు 2,200 రూపాయలు, 40 దాకా 5,800, 70 దాకా 8,400, వంద దాకా 12,000, ఆపైన 15,000. అది సర్కారు చంపించిన వాటికే, రోగంతో ముందే చచ్చిన వాటికి కాదు. అందుకే మొదటి చావునాడే పశువుల డాక్టరుకు ఫోన్ కొట్టాలి. బీమా 2024 నుంచి ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే, చెవిపోగులు వేయించిన రోజే కట్టేయడం మంచిది.

రెండో వాయిదా తనిఖీకి వచ్చినవాళ్లు బిల్లులు, చెవిపోగుల నంబర్లు, ఫోటోలు ఒకదానికొకటి సరిపోల్చి చూస్తారు. సిమెంటు, ఇనుము, రేకులకు జీఎస్టీ బిల్లే కావాలి, పచ్చకాగితం రసీదు పనికిరాదు. ఇంకొకటి, వాళ్లు అంతకుముందు ఇంకో ఫారంకు పోయి, అక్కడి రోగాన్ని చెప్పులకు అంటించుకుని వచ్చివుండొచ్చు. మొహమాటం లేకుండా గేటు దగ్గరే "సార్, కాస్త చెప్పులు మార్చుకోండి" అని మన రబ్బరు బూట్లు ముందు పెట్టాలి.