బాక్సుల పక్కన కాదు, మిక్సర్ పక్కన

తీర్థమైనా, జాతరైనా, వినాయక నిమజ్జనమైనా డీజే బండికి ఎంత దగ్గరగా నిలబడితే అంత బాగా విన్నట్టు మన గోదావరి ఊళ్లలో లెక్క. గుండె మీద దెబ్బ పడాలి, చొక్కా అంచు అదరాలి. అదే లెక్కతో స్టేడియంలో జరిగే పెద్ద రాక్ కచేరీకి వెళ్తే టికెట్ డబ్బులో సగం గోదాట్లో పోసినట్టే. భీమవరం, అమలాపురం, కాకినాడ కుర్రాళ్లు ముంబై, బెంగళూరు కచేరీలకి బాగానే వెళ్తున్నారు. తిరిగొచ్చాక చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "మధ్యాహ్నం నుంచీ ఎండలో నిలబడి ముందు వరస పట్టాం అండీ, పాడేవాడి గొంతే సరిగ్గా వినపళ్లేదు." వినపడదు మరి. అక్కడ నిలబడే వాళ్ల కోసం కట్టిన సౌండు కాదది.

మన డీజే బండి మీద టాపులూ బేసులూ ఒక్కచోట పేర్చి ఉంటాయి. దగ్గర చెవులు పగులుతాయి. దూరం రెట్టింపైన ప్రతిసారీ మోత సుమారు 6 డెసిబెల్ పడిపోతుంది కాబట్టి వీధి చివరికొచ్చేసరికి పల్చబడిపోతుంది. పెద్ద కచేరీలో స్టేజీకి అటొకటి ఇటొకటి పైనుంచి వేలాడే బాక్సుల వరసలు చూసే ఉంటారు. దాన్ని లైన్ అరే అంటారు. రావులపాలెం మార్కెట్లో వేలాడే అరటిగెలలాగే ఉంటుంది, కింద అత్తాలు లోపలికి వంగినట్టు కింది బాక్సులు కిందికి వంగి ఉంటాయి. పై బాక్సులు దూరంగా ఉన్నవాళ్లకి, కింది బాక్సులు దగ్గరవాళ్లకి. అన్నీ కలిసి ఒకే గోడలా గాలిని నెడతాయి కాబట్టి చాలా దూరం వరకూ రెట్టింపు దూరానికి సుమారు 3 డెసిబెలే తగ్గుతుంది. 60, 70 మీటర్ల వెనకైనా మాట మాటా తెలుస్తుంది.

మరి స్టేజీ ముందు బారికేడ్ దగ్గర? గెల మీ నెత్తి మీదుగా, పక్కనుంచి వెనక్కి పేలుతూ ఉంటుంది. మీకు అందేది స్టేజీ అంచున పెట్టిన చిన్న బాక్సుల మోత, డ్రమ్ముల పచ్చి చప్పుడు, కాళ్ల కింద సబ్‌ల అదురు. సబ్ అంటే మన బేస్ బాక్సే. గొంతూ లీడ్ గిటారూ ఆ గోలలో మునిగిపోతాయి. గిటారిస్టు వేళ్లు రెండు మీటర్ల దూరంలో కనపడతాయి, నిజమే. దానికోసమే వెళ్లేవాళ్లని నేనేమీ అనను.

పాట వినాలంటే జనం మధ్యలో టెంటు కట్టిన మిక్సర్, అంటే సౌండు నడిపే బల్ల, దగ్గరకి వెళ్లండి. సామాన్యంగా స్టేజీకి 30 నుంచి 50 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని వెనక కూర్చున్న ఇంజినీరు తన చెవికి ఏది బాగుంటే అదే అందరికీ పంపిస్తాడు, కాబట్టి ఆ చెవి పక్కన మీ చెవి ఉండాలి. టెంటుకి ముందు గానీ పక్కన గానీ నిలబడాలి. వెనక నిలబడితే టెంటు గుడ్డ, లైట్ల స్టాండ్లు అడ్డం. సరిగ్గా నడిమధ్య గీత మీద కాకుండా నాలుగైదు అడుగులు పక్కకి జరగండి. కుడి సబ్, ఎడమ సబ్ మోత ఆ గీత మీద ఒకే క్షణానికి కలుస్తుంది, అక్కడ బేస్ గంజిలా చిక్కబడిపోయి మిగతాదాన్ని మింగేస్తుంది. మరీ పక్కకి పోతే కొన్ని స్వరాల దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బేస్ మాయమవుతుంది. పది అడుగులు అటూ ఇటూ నడిచి చూసుకుంటే మీకే తెలిసిపోతుంది. ఇంకో లాభం, టెంటు చుట్టూ కంచె ఉంటుంది కాబట్టి వీపు ఆనించుకోవచ్చు, వెనకనుంచి తోపుడు ఉండదు.

కుర్చీ టికెట్ అయితే స్టేజీకి ఎదురుగా ఉన్న కింది అంతస్తు మేలు. పై అంతస్తులో రేకు కప్పు కింద మోత తిరిగి తిరిగి వస్తుంది, కల్యాణ మండపంలో మైకులాగ. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. 100 మీటర్ల అవతల కూర్చుంటే తెర మీద డ్రమ్ము కర్ర పడ్డాక పావు సెకను పైన ఆగి చెవికి అందుతుంది. మధ్యలో నిలబెట్టే టవర్ల బాక్సులకి కూడా వాటి దూరానికి తగ్గ ఆలస్యం కావాలనే పెడతారు, లేకపోతే ఒకే మాట రెండుసార్లు వినపడుతుంది. స్టేడియం మొత్తం చప్పట్లు కొట్టేటప్పుడు వెనక వరసలు ఎప్పుడూ వెనకపడటానికి కారణం ఇదే, వాళ్లకి తాళం రాక కాదు.

చెవుల సంగతి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్ శబ్దం రోజుకి 8 గంటలు భరించొచ్చు. ప్రతి 3 డెసిబెల్‌కీ ఆ సమయం సగమవుతుంది. అలా దించుకుంటూ వస్తే 100 డెసిబెల్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. రాక్ కచేరీ ఆ మోతలోనే రెండు గంటలు సాగుతుంది. దూది పెట్టుకుంటే సరిపోతుందనుకుంటారు, దూది దాదాపు ఏమీ ఆపదు. మందుల షాపులో దొరికే ఫోమ్ ప్లగ్గులు ఆపుతాయి గానీ సరిగ్గా పెట్టుకునేవాళ్లు తక్కువ. చేతులు తుడుచుకుని, ప్లగ్గుని రెండు వేళ్ల మధ్య ముడత లేకుండా సన్నటి వత్తిలా నలపాలి. కుడి చెవికైతే ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగాలి. అప్పుడు లోపలి దారి తిన్నగా అవుతుంది. ప్లగ్గు లోపలికి తోసి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అలాగే పట్టుకోవాలి. సగం బయటికి కనపడుతోందంటే పడనట్టే. ఫోమ్‌తో ఒక చిక్కు ఉంది, అది కీచు స్వరాల్ని ఎక్కువ మింగి దుప్పటి కప్పుకుని విన్నట్టు చేస్తుంది. సంగీతం వాయించేవాళ్లు వాడే సిలికాన్ ప్లగ్గులు అన్ని స్వరాల్నీ సమానంగా తగ్గిస్తాయి. తరచూ వెళ్లేవాళ్లు అవి కొనుక్కోవడం మంచిది. పిల్లల్ని తీసుకెళ్తే చెవులు మొత్తం మూసే ఇయర్ మఫ్‌లే పెట్టండి.

జనం విషయంలో మన జిల్లాల వాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2015 జులై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు పొద్దున రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర పాతిక మందికి పైగా పోయారు. రాక్ కచేరీల చరిత్రలోనూ ఇలాంటివున్నాయి. 1979 డిసెంబర్ 3న అమెరికాలోని సిన్సినాటిలో ది హూ అనే బ్యాండు కచేరీ మొదలవ్వకముందే తలుపుల బయట 11 మంది చనిపోయారు. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రోస్కిల్డ్‌లో పెర్ల్ జామ్ బ్యాండు వాయిస్తుండగా స్టేజీ ముందు 9 మంది. ప్రమాదం గేటు దగ్గరా స్టేజీ ముందరా ఉంటుంది, మధ్యలో తక్కువ. ఇలాంటి చోట్ల ఎక్కువమంది పోయేది కాళ్ల కింద పడి కాదు. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక పోతారు.

రెండడుగుల టైల్స్ మూడు పక్కపక్కన పరిస్తే దాదాపు ఒక చదరపు మీటరు. ఆ చోట్లో నలుగురుంటే ఇబ్బందిగా అయినా కదలగలరు. ఆరేడుగురైతే ఇక ఎవరి కాలు వాళ్ల చేతిలో ఉండదు, గుంపు నీళ్లలా కదులుతుంది. అది తెలుసుకోవడానికి గుర్తు: చెయ్యెత్తి మొహం తుడుచుకోలేకపోతే మీరు ఉండకూడని చోట ఉన్నారు. పాట ఎంత బాగున్నా అక్కణ్ణుంచి కదలండి. కదిలే పద్ధతి కూడా ఉంది. పిడికిళ్లు రెండూ గడ్డం కింద, మోచేతులు పక్కటెముకల ముందు అడ్డం పెట్టి ఊపిరికి చోటు ఉంచుకోండి. ఒక కాలు ముందు, ఒకటి వెనక. తోపుడు వచ్చినప్పుడు ఎదురు తొయ్యకండి, దాంతోపాటే ఒరగండి. అది వెనక్కి తగ్గే రెండు మూడు సెకన్లలో ఏటవాలుగా పక్కకి రెండు అడుగులు వెయ్యండి. మళ్లీ తోపుడు, మళ్లీ రెండు అడుగులు. ఏటికి అడ్డంగా పడవ నడిపేవాడు చేసేది అదేగా. ఫోను జారితే వంగకండి, వదిలెయ్యండి. బారికేడ్ దగ్గరే ఇరుక్కుంటే చేతులెత్తి అవతలున్న సెక్యూరిటీని పిలవండి, వాళ్లు మిమ్మల్ని పైనుంచి లాగేస్తారు. వాళ్లున్నది అందుకే.

మోష్ పిట్ వేరు. జనం తోపులాట కాదది, ఇష్టపడి దిగే గోల. మెటల్ పాట ఊపందుకోగానే మధ్యలో గుండ్రంగా ఖాళీ అవుతుంది. దిగేవాళ్లు భుజాలతో ఢీకొంటారు, పిడికిళ్లతో కాదు. ఎవరైనా పడితే దగ్గరున్న నలుగురూ ఆగి లేపాలి, అది రాయని రూలు. కనుమనాడు జగ్గన్నతోటకి ప్రభ మోసుకొచ్చే కుర్రాళ్లని చూడండి, ఒకడి కాలు జారితే పక్కవాడి భుజం క్షణంలో కిందికొస్తుంది. అంత అలవాటున్నవాళ్లకి పిట్ కష్టం కాదు. కళ్లద్దాలు తీసెయ్యండి, బూట్ల తాళ్లు రెండు ముళ్లు వెయ్యండి. చెప్పులతో మాత్రం వద్దు, మొదటి పాటకే ఒకటి పోతుంది, రెండో పాటకి వేలి గోరు. దిగడం ఇష్టం లేకపోతే గుండ్రం అంచునుంచి పది అడుగులు వెనక్కి ఉండండి.

టికెట్ల దగ్గర తొందర పనికిరాదు. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే బ్యాండు నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో 18, 19, 21 తేదీల్లోనూ అహ్మదాబాద్‌లో 25, 26 తేదీల్లోనూ వాయించింది. 2024 సెప్టెంబర్ 22 మధ్యాహ్నం అమ్మకం మొదలైతే నిమిషాల్లో లైను లక్షల్లోకి పోయింది. ఇలాంటి ఆన్‌లైన్ క్యూల్లో చాలావాటికి వెయిటింగ్ రూమ్‌లో ఎంత ముందొచ్చినా నంబరు లాటరీలాగే వస్తుంది. పేజీ రిఫ్రెష్ కొడితే ఉన్న నంబరూ పోవచ్చు. ముందే లాగిన్ అయ్యుండాలి, కార్డు వివరాలు సేవ్ చేసుకోవాలి. ఏ ధర టికెట్, అది దొరక్కపోతే రెండోది ఏది అన్నది కాగితం మీద రాసుకోవాలి, లోపలికి వెళ్లాక ఆలోచించే టైముండదు. కోల్డ్‌ప్లే వాళ్లు కచేరీ దగ్గరపడ్డాక ఇన్ఫినిటీ టికెట్లని 2,000 రూపాయలకి, జంటగా మాత్రమే ఇచ్చారు, సీటు ఎక్కడో టికెట్ చేతికి తీసుకునేటప్పుడే తెలుస్తుంది. చవకలో వెళ్లాలనుకునేవాళ్లు ఇలాంటివాటిని కనిపెట్టుకుని ఉండాలి. ఎవరో వాట్సాప్‌లో పంపిన క్యూఆర్ ఫొటోకి మాత్రం రూపాయి ఇవ్వకండి. ఆ ఫొటో పదిమందికి అమ్మి ఉంటారు, గేటు దగ్గర మొదట స్కాన్ అయినవాడిదే టికెట్.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు పొద్దున 8 గంటలకి తెరుచుకుంటుంది, కచేరీ టికెట్ అంతకన్నా నెలల ముందే కొనేసి ఉంటారు. క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టి పెట్టుకోండి. అమలాపురానికి ఇంకా రైలు లేదు కాబట్టి రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరాల్సిందే. ముంబైకి రోజూ కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉంది, వారానికి రెండు రోజులు కాకినాడ నుంచి లోకమాన్య తిలక్ టెర్మినస్‌కి బండి ఉంది. ప్రయాణం ఒక రోజు పైనే, బండి ఆలస్యం కూడా కలుపుకుని కచేరీకి ముందురోజే దిగేలా చూసుకోండి. డీవై పాటిల్‌కి వెళ్లేవాళ్లకి తిలక్ టెర్మినస్ కలిసొస్తుంది. పక్కనే నడిచేంత దూరంలో తిలక్ నగర్ స్టేషను, అక్కడ హార్బర్ లైనులో పన్వేల్ వైపు లోకల్ ఎక్కితే నెరుల్‌లో దిగొచ్చు. రిటర్న్ టికెట్ అప్పుడే తీసుకోండి, రాత్రి కౌంటరు దగ్గర నిలబడలేరు. మర్నాడు తిరుగు రైలు మధ్యాహ్నం తర్వాత అయితే నయం. రాత్రి 10 దాటితే బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్నది దేశమంతా ఉన్న రూలు, అందుకని ఇక్కడి కచేరీలు మామూలుగా పదింటికల్లా ముగుస్తాయి. ఆలస్యంగా వెళ్దాంలే అనుకుంటే మొదటి అరగంట పోతుంది.

సంచీ చిన్నది, వీలైతే లోపల కనపడేది. నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకులు, ఇంటి జంతికలు చాలా గేట్ల దగ్గర ఆపేస్తారు, నిషేధం జాబితా టికెట్‌తోపాటే వస్తుంది, చదవండి. లోపల గంటకి అర లీటరు నీళ్లు తాగుతూ ఉండండి. బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే ముందు వాయించే చిన్న బ్యాండు ఆఖరి పాటకి ముందే బయల్దేరాలి, ఆ పాట అయ్యాక అందరూ అక్కడే ఉంటారు. వేలమంది ఒకేసారి వీడియోలు పంపితే నెట్ చచ్చిపోతుంది, యూపీఐ పనిచెయ్యదు, కాబట్టి కొంత నగదు ఉంచుకోండి. టికెట్ క్యూఆర్ గేటుకి అరకిలోమీటరు ముందే తెరిచి పెట్టుకోండి. తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి, "గేటు దగ్గర" అంటే కుదరదు, అక్కడే జనం కదా. ఫలానా నంబరు స్తంభం అనాలి. నెట్ లేకపోయినా మామూలు ఎస్సెమ్మెస్ వెళ్తుంది.

అయిపోగానే లేవకండి. సామాన్లు విప్పే హెల్పర్లని చూస్తూ ఇరవై నిమిషాలు కూర్చుంటే గేటు దగ్గర నొక్కుడు తగ్గుతుంది. చెవుల్లో గుయ్‌మనే మోత మర్నాటి సాయంత్రానికి తగ్గాలి. తిరుగు రైల్లో ఆ రోజంతా ఇయర్‌ఫోన్లు పెట్టకండి. రాజమండ్రిలో దిగాక కూడా మోత అలాగే ఉంటే ఆగకుండా చెవి డాక్టరుకి చూపించండి.