దాచకుండా చెప్పడం

నిన్న రాత్రి మా వీధి కూడికలో ప్రార్థన చేయమంటే టెన్షన్‌తో నా గొంతు పట్టేసింది. నాలుగు అందమైన మాటలు వెతుక్కొని, మధ్యలోనే ఆమెన్ అనేశాను. నా తర్వాత ఒక అవ్వ మొదలుపెట్టింది. అక్షరం ముక్క రాదు. మోకాళ్ల నొప్పి, కట్టాల్సిన కరెంటు బిల్లు, కొడుకు తాగుడు, కోడలి మీద తనకొచ్చిన కోపం, అన్నీ దేవుడికి చెప్పేసింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూనే చెప్పింది.

ఇంటికొచ్చాక కూడా ఆమె గొంతే వినిపించింది. కొత్త నిబంధన గ్రీకులో 'పర్రేసియా' అనే మాట ఉంది. 'అంతా', 'చెప్పడం' అనే రెండు మాటలు కలిసి పుట్టింది. ప్రాచీన ఏథెన్సులో అది పౌరుడు మనసులోది దాచకుండా మాట్లాడే స్వేచ్ఛ. మన బైబిల్లో యోహాను 16:29లో అది 'స్పష్టముగా' అయింది, అపొస్తలుల కార్యములు 4:13లో పేతురు, యోహానుల 'ధైర్యము' అయింది. వాళ్లు విద్యలేని పామరులని అదే వచనంలో ఉంది, చూడండి. హెబ్రీయులకు 4:16లో కృపాసనం, అంటే దయ చూపే దేవుని సింహాసనం దగ్గరకు ధైర్యంతో రమ్మన్న చోటా ఇదే మాట.

ఇన్నేళ్లూ ఆ ధైర్యమంటే గట్టి గొంతు అనుకున్నాను. అవ్వ గొంతు మొదటి నుంచి చివరి దాకా వణుకుతూనే ఉంది.