రాగి తాత కాగితాలు

మా ఆయన వైపు ఆరు తరాల కిందటి తాత గురించి మాకు తెలిసినంత, మా నాన్నగారి సొంత తాత గురించి తెలియదు. ఆ ఆరో తరం తాతకి ఏ చర్చిలో బాప్తిస్మం ఇచ్చారు, ఏ ఓడెక్కాడు, సంతకం రాక పెళ్లి రిజిస్టర్లో ఇంటూ గుర్తు ఎలా గీశాడు, ఏ జబ్బుతో పోయాడు, అన్నీ కాగితం మీద ఉన్నాయి. మా ముత్తాత గురించి ఇంట్లో మిగిలినవి రెండే ముక్కలు: పొగాకు వేసేవాడు, మహా కోపిష్టి.

నేను బాపట్ల దగ్గర పల్లెలో పుట్టాను. ఇప్పుడు ఉండేది దక్షిణ ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో. మా ఆయన పూర్వీకులు ఇంగ్లండుకి నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ నుంచి గని పనికి వచ్చినవాళ్లు. ఇక్కడ ఐదో తరగతి పిల్లలకి 1800ల నాటి కాలనీల చరిత్ర పాఠంగా ఉంటుంది. అప్పట్లో వచ్చి స్థిరపడిన ఒక మనిషి జీవితం రాసుకు రమ్మని మా అమ్మాయికి ప్రాజెక్టు ఇచ్చారు. క్లాసులో సగం మంది లైబ్రరీలో మనిషిని వెతుక్కుంటుంటే మాకు ఇంట్లోనే దొరికాడు. రాగి గనుల్లో పనిచేశాడని మా అబ్బాయి ఆయనకి రాగి తాత అని పేరు పెట్టేశాడు.

మొదలు మా అత్తగారి దగ్గరున్న పాత బైబిలు. అట్ట లోపలి పేజీల్లో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు వరసగా రాసి ఉన్నాయి. అక్కణ్నుంచి రికార్డుల్లోకి వెళ్లడం తేలికే. ఇంగ్లండులో జనన మరణాల రిజిస్ట్రేషను 1837 జులైలో మొదలైంది, దక్షిణ ఆస్ట్రేలియాలో 1842 జులైలో. అంతకు ముందువి కావాలంటే ఊరి చర్చి రిజిస్టర్లున్నాయి. ఇక్కడి పాత పేపర్లు చాలావాటిని జాతీయ గ్రంథాలయం వాళ్లు ట్రోవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టారు. పేరు కొట్టి వెతకడమే. అలా వెతికితే రాగి తాత మేక పక్కింటి దొడ్లో పడి మేసిందని ఆయనకి జరిమానా వేసిన వార్త బయటపడింది. మా అత్తగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. పిల్లలకి మాత్రం ఆయన నచ్చింది అక్కడే.

ఆయన కథ చెబుతాను. కార్న్‌వాల్‌లో తగరం, రాగి గనులు శతాబ్దాల నాటివి. మగవాళ్లు లోపలికి దిగేవాళ్లు, ఆడపిల్లలు పైన కూర్చుని సుత్తులతో ఖనిజం పగలగొట్టేవాళ్లు. రాగి తాత భార్య పెళ్లికి ముందు ఆ పనే చేసింది. 1840ల మధ్యలో బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. ఐర్లండు కరువు లోకానికంతా తెలుసు గానీ, కార్న్‌వాల్ కూలివాళ్ల పళ్లెం కూడా ఆ దుంప మీదే నడిచేది. సరిగ్గా అప్పుడే, 1845లో, అడిలైడ్‌కి ఉత్తరాన 160 కిలోమీటర్ల దూరంలో బర్రా దగ్గర రాగి బయటపడింది. ఆ నేల కొనడానికి నగరంలోని సంపన్నులు ఒక జట్టు, దుకాణాలవాళ్లు ఒక జట్టు అయ్యారు. విడివిడిగా డబ్బు చాలక కలిసి 20,000 ఎకరాలు కొన్నారు, మళ్లీ చెరి సగం పంచుకున్నారు. పెద్ద గని దుకాణాలవాళ్ల వాటాలో పడింది. సంపన్నుల వైపు రాగి త్వరలోనే అడుగంటింది. ఈ ముక్క చెప్పినప్పుడల్లా మా ఆయన తన తాతే గెలిచినట్టు మొహం పెడతాడు. ఆయన తాత అందులో కూలీ.

1847లో రాగి తాత భార్యతో, ఇద్దరు పిల్లలతో ఓడెక్కాడు. ప్రయాణం మూడు నెలల పైనే. చిన్నపిల్ల సముద్రంలోనే పోయింది. బర్రాలో ఇళ్లు చాలక గనివాళ్లు వాగు గట్టుని తొలిచి గుహల్లాంటి గదులు చేసుకున్నారు. 1851 నాటికి దాదాపు 1,800 మంది అలా వాగు గట్టులో కాపురం ఉండేవాళ్లు. వరదొస్తే సామానంతా కొట్టుకుపోయేది. టైఫాయిడ్ వచ్చి పసిపిల్లలు పోయేవాళ్లు. బైబిలు పేజీలో ఆ నాలుగేళ్లలో రెండు పేర్లు చేరాయి, రెండూ చావులే. ఆ గదుల్లో రెండింటిని ఇప్పటికీ కాపాడుతున్నారు. టికెట్‌తో పాటు ఓ తాళంచెవి ఇస్తారు, మనమే తలుపు తీసుకుని లోపలికి వెళ్లొచ్చు. లోపల మా ఆయన నిటారుగా నిలబడలేకపోయాడు. మావాడు అక్కడే ఉండిపోతానన్నాడు.

ఇంతవరకూ అందరికీ ఇష్టమైన కథ. పేదవాడు, కష్టజీవి, పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి. ఆదివారం భోజనాల దగ్గర మా అత్తగారు ఇదే చెప్పి, "ఏమీ లేని చోటికొచ్చి అన్నీ కట్టుకున్నారు" అన్నారు.

మా అమ్మాయి స్కూల్లో ప్రతి అసెంబ్లీ ఈ నేల కౌర్నా ప్రజలదని చెప్పుకోవడంతో మొదలవుతుంది. బర్రా న్గాడ్జురి ప్రజల నేల అని అది అప్పటికే చదివి ఉంది. "మరి వాళ్ల సంగతేంటి నానమ్మా?" అంది.

అత్తగారు గట్టిగానే సమాధానమిచ్చారు. ఆయన సెంటు భూమి కొనలేదు, ఎవరినీ కొట్టలేదు, వాగు గట్టులో బతికాడు, ఆయన్నెందుకు బోనులో నిలబెడతావు అని. అందులో నిజముంది. నేను ఊరుకుందామనే అనుకున్నాను. కానీ పిల్ల ఇంకో ప్రశ్న వేసింది: అంత పేదవాడికి ఓడ టికెట్‌కి డబ్బెవరిచ్చారు?

దక్షిణ ఆస్ట్రేలియా కథంతా ఆ ప్రశ్నలో ఉంది. ఇది నేరస్తుల్ని పంపడానికి పెట్టిన కాలనీ కాదు, ఆ సంగతి ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఈ కాలనీ వెనకున్న పథకం ఆలోచించిన ఎడ్వర్డ్ గిబ్బన్ వేక్‌ఫీల్డ్ లెక్క ప్రకారం భూమిని నికరమైన ధరకి అమ్మాలి, ఆ డబ్బుతో కూలివాళ్లని ఉచితంగా ఓడల్లో తేవాలి. 1840ల్లో ఆ ధర ఎకరం కనీసం ఒక పౌను. అమ్మింది ఎవరి భూమి? 1836 ఫిబ్రవరిలో నాలుగో విలియం రాజు ఇచ్చిన ఫర్మానాలో, ఇక్కడి మూలవాసులు నిజంగా ఉంటున్న, అనుభవిస్తున్న భూముల మీద వాళ్ల హక్కుకి భంగం రాకూడదని స్పష్టంగా రాసి ఉంది. ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అంటే రాగి తాత భూమి కొనకపోయినా, ఆయన టికెట్ ఆ భూమి అమ్మిన డబ్బులోంచే వచ్చింది. మా అమ్మాయి ఈ మాట ప్రాజెక్టులో రాసింది. అత్తగారు చదివి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక స్పెల్లింగు దిద్దారు.

1851లో విక్టోరియాలో బంగారం దొరికితే బర్రా మగవాళ్లంతా అటు పరిగెత్తారు, తాత కూడా. వెనక్కి వచ్చింది దాదాపు ఖాళీ చేతులతోనే. 1861లో యార్క్ ద్వీపకల్పంలో మూంటా దగ్గర ఇంకా పెద్ద రాగి నిక్షేపం దొరికాక కుటుంబం అక్కడికి మారింది. చివరికి ఊపిరితిత్తుల్లో గని దుమ్ము నిండి పోయాడు. మూంటా, కడీనా, వాలరూ ఊళ్లలో ఇప్పటికీ రెండేళ్లకోసారి కార్నిష్ పండుగ, అంటే కార్న్‌వాల్ వాళ్ల పండుగ, జరుగుతుంది. పేస్టీలు తింటూ ఊరంతా తిరగడమే పని. మా అమ్మ వచ్చినప్పుడు తీసుకెళితే ఒకటి చేత్తో పట్టుకుని, అంచు మడత చూసి, "కూర పెట్టిన కజ్జికాయ" అని తేల్చేసింది. అదే ద్వీపకల్పం నరుంగ్గా ప్రజలది. ఆ మూడు ఊళ్ల పెద్దలే కమిటీగా ఏర్పడి 1868లో పాయింట్ పియర్స్ దగ్గర క్రైస్తవ మిషన్ పెట్టించి నరుంగ్గా కుటుంబాల్ని అక్కడికి చేర్చారు. పండుగకి వెళ్లే దారిలో ఆ బోర్డు కనిపిస్తుంది. ఇప్పుడు మేం పిల్లలకి రెండూ చూపిస్తాం.

మూంటా గని యజమాని వాల్టర్ వాట్సన్ హ్యూస్ గురించి ఒక్క మాట. అడిలైడ్ యూనివర్సిటీ ముందు ఆయన విగ్రహం ఉంది. 1872లో 20,000 పౌన్లు ఇచ్చి ఆ యూనివర్సిటీకి పునాది వేశాడు. ఇక్కడికి రాకముందు ఆయన నల్లమందు ఓడల్లో పనిచేసిన నావికుడు. ఆ సరుకు కలకత్తా నుంచి చైనాకి పోయేది, పండేది మన గంగా తీరంలో. మా ఆయన ఆ యూనివర్సిటీలోనే చదివాడు. ఇన్నేళ్లూ ఆ విగ్రహం పక్క నుంచే నడిచాడు.

ఇక నా వైపు. అమ్మాయి ప్రాజెక్టు కోసం గీసిన వంశవృక్షం చార్టులో ఎడమ పక్క నిండిపోయి కుడి పక్క ఖాళీగా ఉంటే నాకు పౌరుషం వచ్చింది. నాన్నకి ఫోన్ చేశాను. తద్దినంలో చెప్పే మూడు తరాల పేర్లూ గడగడా చెప్పారు. అంతకు పైన తెలియదు. మా చిన్నప్పుడు పిచ్చుకుంట్లవాళ్లు వచ్చి వాకిట్లో కూర్చుని ఇంటిపేరు, గోత్రం, వంశం పాడి ధాన్యం పట్టుకెళ్లేవారు. వాళ్లు రావడం మానేసి చాలా ఏళ్లయింది, వచ్చినప్పుడు రాసిపెట్టుకున్నవాళ్లు లేరు.

దొరికింది ఒకటి: మా ఊరి కైఫీయత్తు, అంటే ఊరి పాత చరిత్ర రాసిన కాగితం. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కర్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరా సేకరింపజేసినవాటిలో అదీ ఉంది. గుడికి మాన్యం ఎవరిచ్చారో, ఏ కరణం తర్వాత ఏ కరణమో ఉంది. దున్నినవాళ్ల పేర్లు లేవు. ఆడవాళ్ల సంగతి అడగనే అక్కర్లేదు. ఆ తర్వాత పదిహేనిరవై ఏళ్లకి, 1832-33లో, గుంటూరు సీమలో నందన కరువు వచ్చింది. అయిదు లక్షల జనంలో లక్షన్నర, రెండు లక్షల మధ్య పోయారని లెక్క. లెక్క ఉంది, పేర్లు లేవు. పోయినవాళ్లలో మావాళ్లెందరో చెప్పే కాగితం లేదు.

"మనవాళ్ల పేర్లు రాయడం వాళ్లకి ఇష్టం లేదా?" అని అడిగింది పిల్ల. అవసరమైనప్పుడు రాశారని చెప్పి ఇంకో జాబితా చూపించాను. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నాతాల్ చెరకు తోటలకి 342 మంది కూలీల్ని తీసుకెళ్లింది. కార్న్‌వాల్‌లో ఓ పట్నం పేరే ఆ ఓడది కూడా. ఆ తర్వాత దశాబ్దాల తరబడి అలా తమిళులూ తెలుగువాళ్లూ వెళ్తూనే ఉన్నారు. నాతాల్ ఓడల జాబితాల్లో ఒక్కొక్కరికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది గుర్తులు కూడా ఉంటాయి. దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు ఇప్పుడు తమ ఊళ్లు వెతుక్కుంటున్నది వాటితోనే. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న పుట్టుమచ్చ ఈనాడు మునిమనవడికి ఆనవాలైంది. రాగి తాతకి మాత్రం అలాంటి నంబరు లేదు. ఆయనది ఉచిత టికెట్. ఈ తేడా పదకొండేళ్ల పిల్లకి నేను విడమరచి చెప్పాల్సిన పని పడలేదు.

చార్టు చివరికి ఇలా తయారైంది: ఎడమ పక్క ఆరు తరాలు, కుడి పక్క నాలుగు, కింద ఆకుపచ్చ పెన్నుతో న్గాడ్జురి, నరుంగ్గా పేర్లు, వాళ్ల నేలల మ్యాపు. కుడి పక్క ఖాళీ గళ్లని ఏదో ఒకటి పెట్టి నింపుదామని మావాడన్నాడు. వాళ్లక్క ఒప్పుకోలేదు.

నాన్న మాత్రం వదల్లేదు. భూమి రికార్డుల్లో తన ముత్తాతకి తండ్రి పేరు దొరుకుతుందని ఆయన పట్టుదల. ఆర్.ఎస్.ఆర్. (బ్రిటిష్ కాలంనాటి భూముల రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) నకలు కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. మొన్న సర్వర్ పనిచేయడం లేదని సోమవారం రమ్మన్నారట. దొరికితే ముందు వాట్సాప్‌లో తనకే పంపాలని మనవరాలు ఆర్డరు వేసింది.