హాల్‌టికెట్ల వేళ ప్రింటర్ ఆఫ్‌లైన్

విజయనగరం గంటస్తంభం దగ్గర మా జెరాక్స్ షాపులో నిన్న కొత్త రూటర్ పెట్టించాం. నెట్ బాగానే వస్తోంది కానీ మూడు కంప్యూటర్లలో ఒక్కదాన్నుంచీ ప్రింట్ రాదు, ‘ఆఫ్‌లైన్’ అనే చూపిస్తోంది, ఎదురుగా హాల్‌టికెట్ల కోసం పిల్లలు నిలబడి ఉన్నారు, వాళ్ల బస్సు పోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. ప్రింటర్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేశాను. గంట పోయింది, లాభం లేదు.

“అన్నా, ముందు ప్రింటర్ నుంచే సెట్టింగుల పేజీ తియ్యి” అన్నాడు తమ్ముడు. తీస్తే అందులో ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో ప్రింటర్ అడ్రస్, 192.168.1.50 అని ఉంది. కొత్త రూటర్ ఇచ్చే అడ్రస్‌లేమో 192.168.0తో మొదలవుతున్నాయి, అందుకే కంప్యూటర్లకి ప్రింటర్ దొరకడం లేదు! పాత రూటర్ రోజుల్లో ఆ నంబరు ఫిక్స్ చేసింది నేనే, పూర్తిగా మర్చిపోయాను. ప్రింటర్‌ని డీహెచ్‌సీపీకి, అంటే రూటరే అడ్రస్ ఇచ్చే పద్ధతికి మార్చి, వచ్చిన కొత్త అడ్రస్‌ని రూటర్‌లో ప్రింటర్ మ్యాక్ నంబరు (పరికరం సొంత గుర్తింపు నంబరు) మీద ఇక మారకుండా రిజర్వ్ చేసి, ఒక్కో కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్‌ని ఆ కొత్త అడ్రస్‌కి మార్చాం.

మొదటి హాల్‌టికెట్ వేడివేడిగా బయటికొచ్చింది. ఆ అమ్మాయి కాగితం మడవకుండా రెండు చేతులతో పట్టుకుని ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్ వైపు పరుగెత్తింది. తమ్ముడూ, నీకు చాలా థాంక్స్ రా. కొత్త నంబరు ప్రింటర్ మీదే రాసి అతికించాను.